చెత్త కాదు, తుక్కు: భారతదేశంలో పాత మొబైల్ ఫోన్ల వాపసు సేకరణ చరిత్ర (1995–2025)

వ్యాససంగ్రహం:

వాడకం ముగిసిన వస్తువుకు తయారీదారే బాధ్యత వహించాలన్న సూత్రం 1990లో స్వీడన్‌లో రూపుదిద్దుకొంది. 2011 నాటికి అది భారతదేశంలో నిబంధనగా మారింది. ఆ సూత్రం పుట్టిన సమాజంలో పాత యంత్రాన్ని వదిలించుకోవడానికి ఎవరో ఒకరు ఖర్చు భరించాలి. అది చేరిన సమాజంలో పాత వస్తువు ఇచ్చినవారికి ఎదురు డబ్బు ముట్టుతుంది. ఈ తేడా భారతీయ వాపసు సేకరణ విధానాల గమనాన్ని ఎలా ప్రభావితం చేసిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మొబైల్ ఫోన్ల వ్యాప్తి, తుక్కు వ్యాపార వ్యవస్థ, కంపెనీల స్వచ్ఛంద కార్యక్రమాలు, 2011, 2016, 2022 సంవత్సరాల నిబంధనలు, తెలుగు రాష్ట్రాల అనుభవం ఇందులో చర్చనీయాంశాలు.

కీలకపదాలు: ఎలక్ట్రానిక్ వ్యర్థాలు, వాపసు సేకరణ, ఉత్పత్తిదారుని బాధ్యత, తుక్కు వ్యాపారం, మొబైల్ ఫోన్, హైదరాబాదు.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో చెత్త, తుక్కు అనే మాటలను వ్యవహారంలో ఒకదానికొకటి బదులుగా వాడరు. ఇల్లు ఊడ్చి బయట పారబోసేది చెత్త. తూకం వేసి అమ్మేది తుక్కు. తుక్కు ఇనుము, తుక్కు రాగి అన్న పదబంధాలలో ధర అన్న భావం అంతర్గతంగా ఉంది. పాతబట్టలకు స్టీలు గిన్నెలు, పాత ఇనుప సామానుకు ఉల్లిపాయలు ఇచ్చే మారకం తెలుగు పట్టణాల వీధులలో చాలాకాలం సాగింది. తక్కెడ పట్టుకొని ఇంటిముందుకు వచ్చే పాతసామాన్ల వ్యాపారి, అతని వెనుక టోకు కొట్టు, ఆ కొట్టు వెనుక కరిగించే కొలిమి అనే వరుస ఏ చట్టం చెప్పకుండానే ఏర్పడిన సేకరణ వ్యవస్థ.

చట్టపరిభాషలోని ‘వ్యర్థం’ అనే సంస్కృతపదం ఈ రెండింటినీ ఒకే గాటన కట్టింది. ప్రయోజనం లేనిది అని ఆ మాటకు అర్థం. పనిచేయని ఫోను గృహస్థు దృష్టిలోనూ, వీధి వ్యాపారి దృష్టిలోనూ ప్రయోజనం లేనిది కాదు. భారతదేశంలో ఫోన్ల వాపసు సేకరణ ఎందుకు ఆశించిన రీతిలో సాగలేదన్న ప్రశ్నకు సాధారణంగా ప్రజలలో అవగాహన లోపమే కారణమని సమాధానం వస్తుంది. చారిత్రకాధారాలను వరుసగా పరిశీలిస్తే ఆ సమాధానం అసంపూర్ణమని తెలుస్తుంది.

2. బాధ్యత అనే భావన పుట్టుక:

స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ లిండ్‌క్విస్ట్ 1990లో ఆ దేశ పర్యావరణ మంత్రిత్వశాఖకు సమర్పించిన నివేదికలో ఉత్పత్తిదారుని విస్తృత బాధ్యత అనే భావనను ప్రతిపాదించాడు. ప్రభుత్వ వ్యవహారంలో దీనినే ఇ.పి.ఆర్. అంటున్నారు. వస్తువు అమ్ముడుపోవడంతో తయారీదారుని బాధ్యత తీరిపోదనీ, దాని జీవితాంతపు ఖర్చు కూడా అతనిదేననీ ఈ భావన సారాంశం. ఆ ఖర్చు తనమీద పడుతుందని తెలిస్తే తయారీదారు సులువుగా విడదీయగలిగే, విషపదార్థాలు తక్కువగా ఉండే వస్తువును రూపొందిస్తాడని ఆశ.

1991లో జర్మనీ ప్యాకేజింగ్ సామగ్రికి ఈ సూత్రాన్ని వర్తింపజేసింది. స్విట్జర్లాండులో స్విక్కో సంస్థ 1994 నుండి పాత కంప్యూటర్లు, కార్యాలయ యంత్రాల సేకరణ చేపట్టింది. అందుకయ్యే ఖర్చును కొత్త వస్తువు కొనేటప్పుడే రుసుముగా వసూలు చేసే పద్ధతి అక్కడ స్థిరపడింది. జపానులో 2001లో అమలులోకి వచ్చిన గృహోపకరణాల చట్టం ప్రకారం పాత టీవీనో ఫ్రిజ్‌నో ఇచ్చేవారే రుసుము చెల్లిస్తారు. ఐరోపా సమాఖ్య ఎలక్ట్రానిక్ వ్యర్థాల ఆదేశం 2003లో అమలులోకి వచ్చింది. ఈ నమూనాలన్నింటికీ ఒక ఉమ్మడి పూర్వభావన ఉంది: పాత యంత్రం ఒక భారం, దానిని మోసేవారికి ఎవరో ఒకరు కూలి ఇవ్వాలి.

3. ఫోను రాక, దాని రెండవ జీవితం:

1995 జులై 31న పశ్చిమబెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుండి ఢిల్లీలోని కేంద్ర సమాచార మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడిన కాల్ దేశంలో తొలి మొబైల్ సంభాషణగా నమోదైంది. ఆ రోజుల్లో వచ్చే కాల్‌కు కూడా రుసుము ఉండేది. 1999 నూతన టెలికాం విధానం స్థిర లైసెన్సు రుసుముల స్థానంలో ఆదాయంలో వాటా పద్ధతిని ప్రవేశపెట్టింది. 2003 మే నెల నుండి వచ్చే కాల్‌లు ఉచితమయ్యాయి. అదే ఏడాది రిలయన్స్ సంస్థ 501 రూపాయల ప్రారంభ చెల్లింపుతో ఫోన్లు ఇవ్వడం, నోకియా 1100 మార్కెట్టులోకి రావడం జరిగాయి. 2008 మార్చి నాటికి మొబైల్ చందాదారులు 26 కోట్లు. 2011 మార్చి నాటికి 81 కోట్లు.

ఈ వేగంలో పాత ఫోను అన్న వస్తువు తొలిసారిగా పెద్దసంఖ్యలో ఏర్పడింది. కానీ అది వెంటనే వ్యర్థం కాలేదు. ఇంట్లో పెద్దవారి ఫోను చిన్నవారికీ, పట్టణంలో ఉన్నవారి ఫోను ఊళ్ళో ఉన్న తల్లిదండ్రులకూ చేరింది. అక్కడా అవసరం తీరినది పాత ఫోన్ల బజారుకు వెళ్ళింది. హైదరాబాదు ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్ ఈ వ్యాపారానికి పేరుపొందింది. పనిచేసే ఫోనును తిరిగి అమ్మడం, పనిచేయని దాని నుండి తెర, స్పీకరు, ఛార్జింగు భాగాలు విడదీసి మరో ఫోనుకు అమర్చడం అక్కడి దుకాణాల నిత్యకృత్యం. ఏ భాగమూ పనికిరాదని తేలినప్పుడే ఫోను తూకానికి వెళుతుంది. పాశ్చాత్య నమూనాలో వినియోగదారు నుండి రీసైక్లరుకు ఉన్న ఒక్క అంగ ఇక్కడ నాలుగైదు చేతుల ప్రయాణం.

4. అంకెలలోకి వచ్చిన సమస్య:

ఎలక్ట్రానిక్ వ్యర్థాల చర్చ భారతదేశంలో తొలుత దిగుమతుల సమస్యగా మొదలైంది. ప్రమాదకర వ్యర్థాల సరిహద్దు రవాణాను నియంత్రించే బాసెల్ ఒడంబడిక 1989లో ఆమోదం పొందగా భారత్ దానిని 1992లో ధ్రువీకరించింది. 2002 ఫిబ్రవరిలో బాసెల్ యాక్షన్ నెట్‌వర్క్, సిలికాన్ వ్యాలీ టాక్సిక్స్ కొయెలిషన్ కలిసి వెలువరించిన ‘ఎక్స్‌పోర్టింగ్ హార్మ్’ నివేదిక చైనాలోని గుయియు, పాకిస్తాన్‌లోని కరాచీలతోపాటు ఢిల్లీకి చేరుతున్న పాత కంప్యూటర్ల సంగతిని ప్రపంచం ముందుంచింది. మరుసటి ఏడాది ఢిల్లీలోని టాక్సిక్స్ లింక్ సంస్థ దేశీయ పరిస్థితిపై ప్రత్యేక నివేదిక ప్రచురించింది. 2005లో రాజ్యసభ సభ్యుడు విజయ్ దర్డా ఎలక్ట్రానిక్ వ్యర్థాలపై ప్రైవేటు బిల్లు ప్రవేశపెట్టారు.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2005కు సంబంధించి దేశంలో ఏటా 1,46,180 టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పుడుతున్నాయని అంచనా వేసింది. రాష్ట్రాల వరుసలో మహారాష్ట్ర, తమిళనాడుల తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది మూడవ స్థానం. నగరాలలో హైదరాబాదు ఏడవది. సమాచార సాంకేతిక తయారీదారుల సంఘం మైట్, జర్మనీకి చెందిన జి.టి.జెడ్. కలిసి జరిపిన అధ్యయనం 2007లో 3,32,979 టన్నులు పుట్టాయనీ, అందులో రీసైక్లింగుకు అందుబాటులోకి వచ్చినవి 1,44,143 టన్నులనీ, శుద్ధి అయినవి 19,000 టన్నులు మాత్రమేననీ తేల్చింది. ఈ అంకెల మధ్య ఉన్న అంతరమే తర్వాతి విధానాలన్నింటికీ చర్చావస్తువు. పుట్టినదానిలో సగానికి మించి ఇళ్ళలోనో, మరొకరి వాడకంలోనో నిలిచిపోయింది. బయటికి వచ్చినదానిలో అత్యధికభాగం అసంఘటిత రంగం చేతుల్లోకి వెళ్ళింది.

5. సర్క్యూట్ బోర్డు దారి:

బ్యాటరీ తీసివేసిన టన్ను ఫోన్లలో బంగారం వందల గ్రాముల స్థాయిలో ఉంటుంది. గని నుండి తవ్వితీసే టన్ను ఖనిజంలో అది సాధారణంగా కొద్ది గ్రాములే. తెలుగువారు పెద్దసంఖ్యలో నివసించే కోలారు ప్రాంతంలోని బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. 2005లో బెంగళూరు శివార్లలోని దొబ్బస్‌పేటలో ఇ-పరిసర అనే సంస్థ దేశంలో తొలి అధీకృత ఎలక్ట్రానిక్ వ్యర్థాల రీసైక్లింగు కేంద్రంగా పని ప్రారంభించింది. ఒకే భూభాగంలో భూమిలోని బంగారం గిట్టుబాటు కాకుండా పోయిన నాలుగేళ్ళకు బోర్డులలోని బంగారం పరిశ్రమకు ఆధారమైంది.

అయితే అధిక శాతం బోర్డులు అటువంటి కేంద్రాలకు వెళ్ళలేదు. ఢిల్లీలోని సీలంపూర్ వంటి చోట్ల విడదీసిన బోర్డులు ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాదుకు చేరేవి. ఇత్తడి పనికి పేరుగాంచిన ఆ పట్టణంలో లోహం కరిగించే నైపుణ్యం తరతరాలుగా ఉంది. ఎగుమతి గిరాకీ తగ్గిన ఇత్తడి పనివారిలో కొందరికి బోర్డులు బతుకుతెరువయ్యాయి. బోర్డులను కాల్చి, బూడిదను నూరి, రామ్‌గంగా నది ఒడ్డున జల్లించి లోహపు రేణువులు వేరుచేసేవారు. ఈ పనిలో సీసం, కాలిన ప్లాస్టిక్ నుండి వెలువడే విషవాయువులు ముందుగా చేరేది పనివారి శరీరాల్లోకి. ఆ తర్వాత నేలలోకి, నీటిలోకి. సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2015లో ఈ పరిస్థితిని అధ్యయనం చేసింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నది ఒడ్డున ఈ వ్యర్థాలు పడవేసేవారికి లక్ష రూపాయల పర్యావరణ పరిహారం విధించాలని ఆదేశించింది.

నష్టం ఆరోగ్యానికే పరిమితం కాదు. 2000వ దశకం మధ్యలో బెంగళూరులోని ఆమ్ల ప్రక్రియలను పరిశీలించిన స్విస్ పరిశోధకులు, బోర్డులోని బంగారంలో సుమారు నాలుగోవంతు మాత్రమే తిరిగి లభిస్తోందని గుర్తించారు. బెల్జియంలోని హోబోకెన్ వంటి ఆధునిక కరిగింపు కర్మాగారాలలో ఈ రాబడి 95 శాతం దాకా ఉంటుంది. అదే సమయంలో చేతితో విడదీసే తొలిదశలో భారతీయ పనివారి నైపుణ్యం యంత్రాలతో నుగ్గుచేసే పద్ధతి కంటే మెరుగని కూడా తేలింది. నుగ్గుచేసినప్పుడు విలువైన లోహం ధూళిలో కలిసిపోతుంది. చేతితో విడదీస్తే పోదు. విడదీసే పని స్థానికంగా, చివరి లోహశుద్ధి ఆధునిక కర్మాగారంలో జరగాలన్న ప్రతిపాదన ఈ పరిశీలన నుండే వచ్చింది. అసంఘటిత రంగాన్ని తొలగించవలసిన అడ్డంకిగా కాక విధానంలో భాగస్వామిగా చూడడానికి ఇది సాంకేతిక ప్రాతిపదిక.

6. కంపెనీల వాపసు పెట్టెలు:

2002 డిసెంబరులో బాసెల్ ఒడంబడిక సభ్యదేశాల సమావేశం సందర్భంగా ప్రధాన ఫోన్ తయారీ సంస్థలు వాడిన ఫోన్ల నిర్వహణకు ఉమ్మడి కార్యక్రమంలో చేరాయి. 2006 ఆగస్టులో గ్రీన్‌పీస్ ఎలక్ట్రానిక్ కంపెనీలకు పర్యావరణ శ్రేణులిచ్చే పట్టికను ప్రారంభించడంతో వాపసు సేకరణ కంపెనీల ప్రతిష్ఠకు కొలమానమైంది.

నోకియా 2008లో భారత్ సహా 13 దేశాలలో 6,500 మందితో జరిపిన సర్వే ఫలితాలు ఈ చరిత్రలో ముఖ్యమైన ఆధారం. పాత ఫోన్లలో రీసైక్లింగుకు ఇచ్చినవి 3 శాతం. వాడకుండా ఇంట్లోనే ఉంచినవి 44 శాతం. బంధుమిత్రులకు ఇచ్చినవి 25 శాతం, అమ్మినవి 16 శాతం. ఫోనును రీసైకిల్ చేయవచ్చని తెలిసినవారు భారతదేశంలో 17 శాతమే. అవగాహన లోపమన్న వాదానికి ఈ చివరి అంకె బలమిచ్చింది. కానీ అదే సర్వేలో ఇచ్చిపుచ్చుకున్న, అమ్ముకున్న ఫోన్ల వాటా 41 శాతం ఉంది. ఈ 41 శాతం వ్యర్థ నిర్వహణ ప్రణాళికలలో తగిన స్థానం పొందలేదు.

2009 ఆరంభంలో నోకియా ఢిల్లీ, గుర్‌గావ్, బెంగళూరు, లూధియానా నగరాలలో ఏ కంపెనీ ఫోనైనా స్వీకరించే పెట్టెలు ఏర్పాటుచేసింది. ఇచ్చిన ప్రతి ఫోనుకు ఒక మొక్క నాటుతామని ప్రకటించింది. 45 రోజులలో 3 టన్నులు సమకూరాయి. ఒక్కో ఫోను 100 గ్రాములనుకుంటే, ఛార్జర్లను లెక్కించకున్నా, ఇది 30,000 ఫోన్లకు మించదు. ఆ జనవరి ఒక్క నెలలోనే దేశంలో కోటిన్నరకు పైగా కొత్త చందాదారులు చేరారు. పెట్టెలో వేసిన ఫోనుకు మొక్క ప్రతిఫలం. బజారులో అదే ఫోనుకు నగదు. గృహస్థుకు ఎంపిక కష్టమైనది కాదు.

తర్వాతి దశాబ్దంలో ఆన్‌లైన్ విక్రయ సంస్థలు పాత ఫోనుకు ధరకట్టి కొత్తదాని ఖరీదులో తగ్గించే మార్పిడి పథకాలు తెచ్చినప్పుడు వాటికి విశేష ఆదరణ లభించింది. పాతదానికి బదులు కొత్త వస్తువు ఇచ్చే వీధి వ్యాపారి పద్ధతినే అవి మరో రూపంలో పునరుద్ధరించాయి.

7. నిబంధనల పరిణామం:

2008 మార్చిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాలు వెలువరించింది. 2009లో మైట్, జి.టి.జెడ్., గ్రీన్‌పీస్, టాక్సిక్స్ లింక్ కలిసి ఒక ముసాయిదాను పర్యావరణ మంత్రిత్వశాఖకు అందజేశాయి. పరిశ్రమ, దాని విమర్శకులు ఒకే పత్రంపై నిలబడడం విశేషం. అప్పటి పర్యావరణ మంత్రి జైరామ్ రమేశ్ రాజ్యసభలో ఆంధ్రప్రదేశ్‌కు ప్రాతినిధ్యం వహిస్తున్నారు. 2011 మేలో ప్రకటించిన నిబంధనలు 2012 మే 1 నుండి అమలులోకి వచ్చాయి. సేకరణ బాధ్యత ఉత్పత్తిదారునిదని తొలిసారి స్పష్టమైంది. అయితే ఎంత సేకరించాలన్న లక్ష్యం ఆ నిబంధనలలో లేదు.

2016 నిబంధనలు ఆ లోటు తీర్చాయి. తొలి రెండేళ్ళు 30 శాతంతో మొదలై ఏడవ ఏటికి 70 శాతానికి చేరాలని నిర్దేశించాయి. కొనేటప్పుడు కొంత సొమ్ము జమచేసుకొని, వస్తువు తిరిగిచ్చినప్పుడు వడ్డీతో సహా చెల్లించే పథకానికి కూడా అవకాశం కల్పించాయి. గృహస్థుకు నేరుగా ధర చెల్లించే ఆలోచన నిబంధనలలో చోటుచేసుకొన్న సందర్భం ఇదొక్కటే. అది ఐచ్ఛికం కావడంతో విస్తృతంగా ఆచరణలోకి రాలేదు. 2018 మార్చి సవరణ ప్రారంభ లక్ష్యాన్ని 10 శాతానికి తగ్గించి, ఏటా 10 శాతం చొప్పున పెంచింది. 2018–19లో పుట్టిన 7,71,215 టన్నులకు లక్ష్యం 1,54,242 టన్నులు కాగా, సేకరించినవి 78,281 టన్నులని మండలి హరిత ట్రిబ్యునల్‌కు నివేదించింది. తగ్గించిన లక్ష్యంలోనూ దాదాపు సగమే నెరవేరింది.

2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న 2022 నిబంధనలు మరో దారి తొక్కాయి. వస్తువుల జాబితా 21 నుండి 106కు పెరిగింది. ఉత్పత్తిదారు స్వయంగా సేకరించనక్కరలేదు. నమోదిత రీసైక్లరు నుండి ధ్రువపత్రాలు కొని బాధ్యత తీర్చుకోవచ్చు. బంగారం, రాగి, అల్యూమినియం, ఇనుము అనే నాలుగు లోహాల రాబడి ఆధారంగా ఈ ధ్రువపత్రాలు లెక్కిస్తారు. సేకరణ కేంద్రాలు, విడదీసేవారు అనే వర్గాలు నమోదు పరిధి నుండి తొలగిపోయాయి. 2024లో ప్రభుత్వం రీసైక్లరుకు చెల్లించవలసిన కనీస మొత్తాన్ని గృహ ఎలక్ట్రానిక్ వస్తువులకు కిలోకు 22 రూపాయలుగా, స్మార్ట్‌ఫోన్లకు 34 రూపాయలుగా నిర్ణయించగా, పలు పెద్ద కంపెనీలు ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించాయి.

34 రూపాయల లెక్కన 200 గ్రాముల ఫోనుకు వచ్చేది 7 రూపాయల లోపు. ఈ మొత్తం ఉత్పత్తిదారు నుండి రీసైక్లరుకు చేరుతుంది. ఫోను ఇచ్చిన గృహస్థుకు, ఇల్లిల్లూ తిరిగి దానిని సేకరించినవారికి, విడదీసినవారికి ఇందులో వాటా ఉండాలన్న నియమం లేదు. కార్మికుల నమోదు, నైపుణ్య శిక్షణల బాధ్యతను నిబంధనలు రాష్ట్ర ప్రభుత్వాలకు అప్పగించాయి.

8. తెలుగు రాష్ట్రాల అనుభవం:

తెలుగు నేల ఫోన్ల వాడకానికే కాక తయారీకి కూడా కేంద్రమైంది. తిరుపతి సమీపంలోని శ్రీసిటీలో 2015 నుండి ఫాక్స్‌కాన్ కర్మాగారంలో ఫోన్ల కూర్పు మొదలైంది. తెలంగాణ ప్రభుత్వం 2017లో ప్రత్యేక ఎలక్ట్రానిక్ వ్యర్థాల విధానం ప్రకటించింది. హైదరాబాదు చర్లపల్లిలోని సి-మెట్ సంస్థ సర్క్యూట్ బోర్డుల నుండి లోహాలు రాబట్టే దేశీయ సాంకేతికతను అభివృద్ధి చేసింది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు, ఒక ప్రైవేటు సంస్థ భాగస్వామ్యంతో అక్కడ ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిర్వహణకు ప్రత్యేక పరిశోధన కేంద్రం ఏర్పడింది.

ఆ విధంగా ఒకే నగరంలో ఒకవైపు చర్లపల్లి ప్రయోగశాల, మరోవైపు జగదీశ్ మార్కెట్ ఉన్నాయి. మొదటిదానికి శాస్త్రం ఉంది, ముడిసరుకు చేర్చే చేతులు కావాలి. రెండవదానికి చేతులు, నమ్మకం, ధర ఉన్నాయి. లోహశుద్ధి శాస్త్రం లేదు. ఈ రెండింటినీ కలిపే దారి నిబంధనల పాఠంలో ఇంకా స్పష్టంగా ఏర్పడలేదు.

9. ముగింపు:

పై పరిశీలన ద్వారా తేలిన అంశాలు ఇవి:

• వాపసు సేకరణ విధానం భారతదేశానికి వచ్చేనాటికే ఇక్కడ ధర ఆధారంగా నడిచే సేకరణ వ్యవస్థ ఉంది. విధానం ఆ వ్యవస్థకు సమాంతరంగా మరొకదాన్ని నిర్మించే ప్రయత్నం చేసింది.

• స్వచ్ఛంద కార్యక్రమాల వైఫల్యానికి అవగాహన లోపం ఒక కారణమే. పాత ఫోనుకు బజారులో ధర ఉండగా, వాపసు పెట్టె ఉచితంగా ఇమ్మని కోరడం అంతకంటే బలమైన కారణం.

• 2011 నుండి 2022 వరకు నిబంధనల దృష్టి సేకరణ నుండి ధ్రువపత్రానికి మారింది. లెక్క సులువైంది, కానీ సేకరించే మనిషి లెక్కలో కనిపించకుండా పోయాడు.

• విడదీసే దశలో అసంఘటిత కార్మికుల నైపుణ్యం నిరూపితమైనది. ప్రమాదం ఉన్నది కాల్చడంలో, ఆమ్లంతో కరిగించడంలో. ఈ రెండు దశలను వేరుచేసి చూడని విధానం మొదటిదాన్ని కోల్పోతుంది, రెండవదాన్ని మరింత చాటుకు నెడుతుంది.

తెలుగు వ్యవహారం చెత్తకూ తుక్కుకూ మధ్య ఉంచిన తేడాలో ఒక ఆర్థిక వివేకం ఉంది. ధర ఉన్న వస్తువు దానంతటదే చేతులు మారుతుంది. చివరకు అది ఏ చేతికి చేరాలన్నదే విధానం నిర్ణయించవలసిన విషయం. వీధి వ్యాపారి తక్కెడ నుండి లోహశుద్ధి కర్మాగారం దాకా ఆ ధర న్యాయంగా పంపిణీ అయ్యే ఏర్పాటు కుదిరినప్పుడే ఉత్పత్తిదారుని బాధ్యత అన్న మాటకు ఈ దేశంలో పూర్తి అర్థం ఏర్పడుతుంది.